పడకరాయుడి గుట్ట మీద ‘చూద్దాంలే’ అనకూడదు

ఈ చిన్న పుస్తకం అట్ట మీద దీన్ని కూర్చినవాడి పేరు ఒక్కచోట మాత్రమే కనిపిస్తుంది. వెనక అట్ట మీద కూడా వేస్తామని, ఫోటో కూడా పెడతామని ప్రెస్సువాళ్ళు అన్నారు. ఆయన ఒప్పుకోలేదు. వినయమంటే అలా ఉండాలని ఆయన నమ్మకం. ఆ ఒక్కచోట ఆయన అక్షరాలు దేవుడి పేరు కంటే కొంచెం లావుగా పడ్డాయంటే అది చూపు మందగించిన భక్తుల సౌకర్యం కోసమే తప్ప మరొకందుకు కాదు. ఆయన ఏడో తరగతి దాటలేదు. సంస్కృతం రాదు. కాబట్టి ఇందులో శ్లోకాలు లేవు, శ్లోకాలు లేవు కాబట్టి వాటిలో తప్పులూ లేవు. దీనికి ముందున్న పుస్తకంలో పద్నాలుగు శ్లోకాలుండేవి. వాటి అర్థమేమిటని అడిగిన భక్తుడికి ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేకపోయారు.

గొర్లకొత్తూరు దగ్గర బస్సు దిగి, పడమటి వైపు మొరం దారిలో రెండు మైళ్ళు నడిస్తే గుట్ట వస్తుంది. ఆటోలు కూడా ఉన్నాయి. మెట్లు రెండువందల పన్నెండు. ముసలివాళ్ళ దేవుడికి ఇన్ని మెట్లెందుకని అడగవద్దు. మెట్లు కట్టించినవాళ్ళందరూ అప్పటికి వయసులో ఉన్నారు.

పైన గోపురం లేదు, గర్భగుడి లేదు. నిలువుగా పాతిన నాలుగు బండరాళ్ళు, వాటి మీద మనిషి నిడివికి మించిన ఒక రాతి పలక. చూడడానికి అచ్చం మంచంలా ఉంటుంది. తలవైపు మడతపెట్టిన నల్ల గొంగడి, నాలుగు కాళ్ళకూ బండారి పసుపు. మంచం మీద మాత్రం ఎవరూ ఉండరు. ఈశాన్యపు మూల జానెడు కిందికి వాలి ఉంటుంది. ఆ మూల కింద దోసెడు దోసెడుగా గులకరాళ్ళు కుక్కి ఉంటాయి.

మొదటిసారి వచ్చిన భక్తులు మూడు ప్రశ్నలు అడుగుతారు. మంచం ఉంది సరే, దేవుడేడి? ఆ మూల ఎందుకు వాలింది? గుట్ట మీద ‘చూద్దాంలే’ అని నోరు జారినవాణ్ణి తిరిగి మొదటి మెట్టు దాకా దింపి, ఒక రాయి మోయించి పైకి ఎందుకు రప్పిస్తారు? ఈ మూడింటికీ జవాబు ఒకటే కథ.

పూర్వం ఇక్కడ ఊరికంటే ముందు గొర్ల మందలే ఉండేవి. ఆ మందల్లో పెద్దది బీరమల్లు అనే కురుమ పెద్దమనిషిది. మూడువందల గొర్రెలు, రెండు కుక్కలు, ఇద్దరు కొడుకులు. అంతటి ముందుచూపు గలవాడు ఆ చుట్టుపక్కల లేడని పేరు. ఏ గొర్రె ఈ ఎండాకాలం దూరపు మేతకు నడవలేదో హోళీ నాటికే చెప్పేవాడు. పళ్ళూడిన గొర్రెలకు వేరే దొడ్డి, మెత్తని మేత, వాటిని చూసుకునే మనిషి, అన్నీ ముందే ఏర్పాటు చేసేవాడు. ముసలి కుక్క ఎండలో పడుకోకుండా దానికొక పందిరి కూడా వేయించాడు. తన సంగతి ఎవరైనా ఎత్తితే మాత్రం, “నాకేంది, కాలూ చెయ్యీ ఆడంగనే పోత” అనేవాడు. ఊరంతా అదే మాట అనేది. ఆ రోజుల్లో దేవుడి దగ్గరికి చేరే మొక్కుల్లో సగం ఇదొక్కటే అయి ఉండాలి. ఆ మొక్కు ఎంతమందికి తీరిందో చూడడానికి పక్కింటి వసారాలోకి తొంగిచూస్తే సరిపోయేది. ఎవరూ తొంగిచూసేవారు కాదు.

బీరమల్లు పెద్దకోడలు ఐలవ్వ. ఈ కథలో దేవుడు ఉన్నాడు, దేవుణ్ణి కనిపెట్టిన భక్తుడూ ఉన్నాడు. కష్టమంతా మాత్రం ఈమెది. అత్త పక్షవాతంతో మంచం పట్టినప్పుడు ఐలవ్వకు ఇరవై ఆరేళ్ళు. అత్త పోయేనాటికి ముప్పై మూడు. ఆ ఏడేళ్ళూ లేపింది ఆమె, కడిగింది ఆమె, పక్కబట్టలు ఉతికింది ఆమె. నువ్వు చేస్తావా అని ఆమెను ఎవరూ అడగలేదు. అడగాలని ఎవరికీ తోచలేదు. మొదటిరోజు ఆమె మంచం పక్కన నిలబడి ఉంది, అందరూ ఒక్కొక్కరే బయటికి వెళ్ళిపోయారు, అంతే. అత్త దినాలనాడు పదిమందీ ఆమెను మెచ్చుకున్నారు. మెచ్చుకుంటుంటే లేచి నిలబడి దండం పెట్టబోయింది. నడుము లేవలేదు.

ఇప్పుడు మామ వంతు వస్తున్నదని ఇంట్లో అందరికంటే ముందు ఆమెకే తెలిసింది. గడప దాటేటప్పుడు ఆయన దర్వాజ పట్టుకుంటున్నాడు. అంబలి తాగేటప్పుడు గిన్నె అంచు పంటికి తగిలి టకటక చప్పుడవుతున్నది. పేర్లు మరచిపోయి గొర్రెల పేర్లతో మనుషుల్ని పిలుస్తున్నాడు. ఆమె మొగుడు మల్కయ్యతో ఈ మాట ఎత్తింది. నోటి వెంట ఒక్క మంచిమాట రాదా అని మల్కయ్య కసిరాడు. మరిది సాయిలుతో ఎత్తింది. వాడు నవ్వి, “చూద్దాంలే వదినె” అన్నాడు. తోడికోడలి దగ్గర ఎత్తితే, పెద్దకోడలివి నువ్వుండగా మాకేం బెంగక్కా అని ఆమె చెయ్యి పట్టుకున్నది. ఐలవ్వ చివరికి మామనే అడిగింది. ఒకరి చేత చేయించుకునే మనిషిలా కనబడుతున్నానా అని ఆయన మూడురోజులు అలిగాడు. ఆ మూడురోజులూ ఆయనకు అంబలి కలిపి పెట్టింది ఐలవ్వే.

అట్లా ఉండగా ఒక ముసలి గొర్రె మందలోంచి తప్పిపోయింది. బీరమల్లు వెతుక్కుంటూ ఈ గుట్ట ఎక్కాడు. అప్పుడు ఇక్కడ నాలుగు నిలువు రాళ్ళు తప్ప మరేమీ లేవు. వాటి నడుమ గొర్రె హాయిగా పడుకొని నెమరేస్తున్నది. లేపితే లేవదు. సరే కాసేపు చూద్దామని ఆయన కూడా పక్కనే వాలాడు. మిట్టమధ్యాహ్నం నిద్రపట్టింది. కలలో దేవుడు కనిపించాడు. ఎలా ఉన్నాడంటే తనకంటే పదేళ్ళు పెద్దవాడిలా, గొంగడి కప్పుకొని ఉన్నాడు. “బీరమల్లూ, పడక సంగతి చూసుకో” అని చెప్పి మాయమయ్యాడు.

బీరమల్లు గుట్ట దిగి వచ్చి, స్వామి వెలిశాడు, పడక అడుగుతున్నాడు అని చాటాడు.

ఊరు పొంగిపోయింది. ఇంట్లో ముసలిదానికి నులక వదులైందంటే నెల తర్వాత బిగిద్దామనే మగవాళ్ళు, దేవుడికి మంచమనగానే మూడురోజుల్లో చేసి పెట్టారు. వేపకర్ర పట్టెలు, మేకవెంట్రుక తాడు. డప్పులతో పైకి మోసి నాలుగు రాళ్ళ మధ్య వేశారు. స్వామికి పడకరాయుడని పేరు పెట్టారు. పేరు పొరపాటున పుట్టింది. అయినా స్వామి ఇంతవరకు అభ్యంతరం చెప్పలేదు.

వారం తిరగకుండా మళ్ళీ కల వచ్చింది. ఈసారి స్వామి గొంతులో విసుగు ఉన్నది. “నాకు కాదురా” అన్నాడు. బీరమల్లు లేచి కూర్చొని బాగా ఆలోచించాడు. మంచం స్వామికి నచ్చలేదని తేల్చుకున్నాడు. ఊరు మళ్ళీ కదిలింది. ఈసారి టేకు మంచం, తలవైపు చెక్కడం, నెమళ్ళు, పైన పందిరి, నాలుగు కొత్త గొంగళ్ళు. ఆ సంబరంలో ఎవరూ గమనించలేదు కానీ, మంచం మోసుకొని గుట్ట ఎక్కుతున్నవాళ్ళ వెనక బీరమల్లు నాలుగుచోట్ల ఆగి ఆయాసం తీర్చుకున్నాడు. ఐలవ్వ గమనించింది. నీళ్ళ చెంబు పట్టుకొని ఆమె కూడా నాలుగుచోట్ల ఆగింది.

మూడోసారి స్వామి ఏ అనుమానానికీ తావు లేకుండా చెప్పాడు. చెప్పిన మాట ఇది: “నేను పండుకోను. పండుకునేది నువ్వు. ఎవరింట్ల పండుకుంటవో, ఎవరు పట్టుకుంటరో, నోరు తెరిచి అడుగు.”

ఇంతకంటే విడమరచి చెప్పిన దేవుడు ఏ పురాణంలోనూ ఉండడు. బీరమల్లుకు ప్రతి అక్షరం అర్థమైంది. గుట్ట దిగి ఇంటికి వచ్చేసరికి ఐలవ్వ వాకిట్లో జొన్నలు చెరుగుతున్నది. ఆమె ముందు నిలబడి నోరు తెరిచాడు. ఆమె చేట ఆపింది. ఎన్నాళ్ళనుంచో ఎదురుచూస్తున్న మాట వస్తున్నదేమోనని తల ఎత్తింది. ఆయన, స్వామి ఈసారి రాతి పలక అడిగాడు అని చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు. ఆమె మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది. ఆ పూట ఆమె చెరిగిన జొన్నల్లో సగం వాకిట్లోనే పడ్డాయని తోడికోడలు తర్వాత చెప్పుకున్నది.

పలక కోసం నలభైమంది పదకొండు రోజులు పనిచేశారు. అవతలి గుట్ట నుంచి చీల్చి, దుంగల మీద దొర్లించి, తాళ్ళు తెగి, ఇద్దరి కాలివేళ్ళు నలిగి, పన్నెండోనాడు దాన్ని నాలుగు రాళ్ళ మీదికి ఎక్కించారు. ఊరు ఊరంతా పైనే ఉన్నది. మొదటి బండారి తానే పూయాలని బీరమల్లు పట్టుపట్టాడు. ఎవరూ పట్టుకోవద్దన్నాడు. పలక మీదికి ఒక కాలు వేసి రెండో కాలు ఎత్తబోయి జారి, పలక మీదనే వెల్లకిలా పడ్డాడు. అలాగే కదలకుండా ఉండిపోయాడు.

స్వామి ఆవహించాడని జనం మోకరిల్లారు. డప్పులు మోగాయి. కొబ్బరికాయలు కొట్టారు. పూజారి హారతి కూడా ఇచ్చాడు. బీరమల్లు నోరు తెరిచి మూలుగుతుంటే అది ఏ మంత్రమోనని ఇద్దరు ముగ్గురు చెవులు దగ్గర పెట్టారు.

ఐలవ్వ జనాన్ని తోసుకుంటూ వచ్చి చూసింది. ఆయన కుడిపాదం బయటికి తిరిగి ఉన్నది. ఆమె డప్పులవాళ్ళ వైపు తిరిగి, “ఆపుండ్రి. దేవుడు రాలే, తుంటి విరిగింది” అన్నది.

జనంలోనే ఉన్న కట్లు కట్టే వైద్యుడు ముందుకు వచ్చి తడిమి చూశాడు. ఇక నిలబడడం ఉండదన్నాడు. ఆరునెలలు కావచ్చు, ఆరేళ్ళు కావచ్చు, మనిషి మంచంలోనే. అంతా చెప్పి, ఆకు, బద్దలు తెప్పించాలి గనుక చాలా మామూలుగా ఒక మాట అడిగాడు. “ఎవరింటికి తీసుకపోతున్నరు?”

గుట్ట మీద మూడువందల మంది ఉన్నారు. ఒక్కొక్కరి తలే తిరిగి, అందరి చూపులూ ఐలవ్వ మీద వచ్చి నిలిచాయి. ఎవరూ ఏమీ అనలేదు. అననక్కరలేదు. అత్త మంచం పట్టిన మొదటిరోజు కూడా ఇలాగే జరిగింది. ఇంకొక నిమిషం ఆమె అక్కడ అలాగే నిలబడితే అందరూ ఒక్కొక్కరే గుట్ట దిగి వెళ్ళిపోతారని, ఆ తర్వాత తన మిగిలిన నడుము కూడా ఈ మంచానికే పోతుందని ఆమెకు తెలుసు.

సాయిలు గొంతు సవరించుకున్నాడు. ముందు కిందికి దింపుదాం, తర్వాత సంగతి తర్వాత, “చూద్దాంలే వదినె” అన్నాడు. ఆ మాట పూర్తికాగానే పలక ఈశాన్యపు మూల కిందికి వంగింది. ఆ మూల రాయి భూమిలోకి వేలెడు దిగింది. బీరమల్లు కెవ్వుమన్నాడు. నలుగురు పరుగెత్తి పట్టుకున్నారు.

ఊరిపెద్ద ముందుకు వచ్చి, కంగారుపడకండి, పెద్దలం మేమున్నాం గదా, అన్నీ మెల్లగా చూద్దాంలే అన్నాడు. మూల ఇంకో రెండువేళ్ళు దిగింది. పూజారి చేతులు జోడించి, అందరికీ ఆ దేవుడున్నాడు, ఆయనే చూసుకుంటాడు అన్నాడు. అప్పుడు దిగినంత మరి ఏ మాటకూ దిగలేదు. బీరమల్లు ఆ మూలవైపు మూరెడు జారాడు.

మిగిలినవాళ్ళు నేల మెత్తగా ఉందేమోనని వంగి చూస్తున్నారు. ఐలవ్వ నేలవైపు చూడలేదు. ఏ మాటకు దిగుతున్నదో ఆమె పట్టేసింది. ఇక ఎవరూ నోరు తెరవొద్దని చెప్పి మామ తలదగ్గర కూర్చున్నది.

“మామా, మూడోసారి దేవుడు ఏమన్నడు?”

“పలక అడిగిండని చెప్పిన గదా.”

మూల కిర్రుమన్నది. ఐలవ్వ ఆయన వైపే చూస్తూ, “విన్నది విన్నట్టు చెప్పు” అన్నది.

బీరమల్లు ఆకాశం వైపు చూశాడు. నొప్పికి చెమటలు పోస్తున్నాయి. చివరికి కళ్ళు మూసుకొని, మూడు కలలూ ఉన్నవి ఉన్నట్టు చెప్పేశాడు. పలక మోసిన నలభైమందీ అప్రయత్నంగా తమ భుజాలు తడుముకున్నారు. వేళ్ళు నలిగినవాడొకడు, ఈ ముక్క దుంగలు వేయకముందే చెప్తే బాగుండేది గదా అని గొణిగాడు.

“నోరు తెరిచి అడుగుమన్నడు” అన్నది ఐలవ్వ. “మరి అడుగు.”

“నిన్ను అడుగుడేంది బిడ్డా. నువ్వు ఎట్లైనా చేస్తవు గదా.”

“చేస్త. అందుకే అడుగు.”

అడగడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. ముందు గొర్రెలకు నీళ్ళు పెట్టారా అని అడిగాడు. ముసలి కుక్క ఏదని అడిగాడు. తల కింద ఏదైనా పెట్టమన్నాడు, పెట్టారు. దాహమన్నాడు, పోశారు. ఇన్ని అడిగినవాడు ఆ ఒక్కటి అడగలేక పెదవులు కొరుక్కున్నాడు. మందల పెద్దగా ఆయన ఎవరికీ ‘చెయ్యి’ అని చెప్పడమే తప్ప ‘చేస్తావా’ అని అడిగి ఎరగడు. పొద్దు వాలసాగింది. ఎవరూ కదలలేదు.

“ఐలవ్వా” అన్నాడు చివరికి, గొర్రె పేరు కాక ఆమె పేరే. “నేను ఇగ లేవ. నన్ను పట్టుకుంటవా?”

ఈ మాట కోసం ఐలవ్వ ఎన్నేళ్ళు ఎదురుచూసిందో చెప్పలేం. అత్త నోటి వెంట వస్తుందని ఏడేళ్ళు చూసింది. ఎప్పుడైనా వింటే వెంటనే సరేనంటానని, బహుశా ఏడుస్తానని కూడా అనుకున్నది. తీరా విన్నాక ఆమె నోటి వెంట వచ్చిన మాట వేరు.

“నా ఒక్కదానితోని కాదు.”

ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మల్కయ్య తల దించుకున్నాడు. ఈ మాటకు పలక నేలదాకా కూలుతుందని నలుగురూ చేతులు అడ్డం పెట్టారు. పలక వెంట్రుకవాసి కూడా కదలలేదు.

ఐలవ్వకు ధైర్యం వచ్చింది. అంబలి తాను తాగిస్తానన్నది. ఒళ్ళు తుడుస్తానని, తల దువ్వుతానని, రాత్రి దగ్గితే లేస్తానని చెప్పింది. లేపి కూర్చోబెట్టడం, ఎత్తడం, బయటికి తీసుకుపోవడం మాత్రం కాదు. “అత్తను లేపి లేపి నా నడుము పోయింది. మీరెవ్వరు అడగలే. నేను చెప్పలే. అది నా తప్పు గూడ.”

మల్కయ్య అప్పుడు నోరు విప్పాడు. ఎత్తేది, కడిగేది తాను చేస్తానన్నాడు. చెయ్యాలంటే మంద వెంట ఏటా ఆరునెలలు దూరం పోవడం కుదరదు. మంద ఎవరు తోలుతారని అందరూ సాయిలు వైపు చూశారు. తండ్రి మంచం ఒక కాలు వాడు పట్టుకోక తప్పదని ఊరిపెద్ద గట్టిగా చెప్పబోయాడు. సాయిలు చాలాసేపు కాలి బొటనవేలితో మట్టి గీశాడు. వాడి నాలుక చివరకు ఆ పాత మాటే వచ్చిందని వాడి ముఖం చూస్తే తెలుస్తున్నది. మూలవైపు చూసి దాన్ని మింగేశాడు.

“నాతోని కాదు వదినె” అన్నాడు. “ఆ వాసన నేను ఓర్వలేను. అమ్మప్పుడు గూడ అందుకే ఇంట్లకు రాలే. పని ఉన్నదని చెప్పిన. పని లేకుండె.”

కొడుకై పుట్టి ఇంతమాట అన్నాడని ఊరు మండిపడింది. ఐలవ్వకు మాత్రం కోపం రాలేదు. ఏడేళ్ళు ప్రతి పొద్దుటా వాకిలి వైపు చూసింది ఆమె. ఇవాళైనా మరిది వస్తాడు, ఒక పక్క పట్టుకుంటాడు అని చూసింది. రాడని తెలిసి ఉంటే ఆ మొదటి ఏడే ఇంకో మనిషిని వెతుక్కునేది. ‘కాదు’ అన్న మాట అప్పుడే చెప్పి ఉంటే ఆమె నడుము మిగిలేది. ఇదే మాట ఆమె సాయిలుతో అన్నది, మెల్లగా. పలక కదలలేదు. సాయిలు మంద తోలుకుపోయేటట్టు, తండ్రికి కావలసిన గింజలూ బట్టలూ వాడే పంపేటట్టు ఒప్పందం కుదిరింది.

మూడు కాళ్ళకు మనుషులు దొరికారు. వాలిన మూల మిగిలింది. ఐలవ్వ పడుకునే వేళ ఎవరు కూర్చుంటారన్నది ప్రశ్న. తోడికోడలు మంద వెంట వెళ్తుంది. చుట్టాలు ఎవరి కాళ్ళు వాళ్ళు చూసుకున్నారు. అప్పుడు కుమ్మరి లచ్చవ్వ అనే ఒంటరి మనిషి వెనకనుంచి, మధ్యాహ్నాలు తాను వచ్చి కూర్చుంటానన్నది. ఊరికే కాదు, ఏడాదికొక గొంగడి ఇవ్వాలన్నది.

ఇప్పటిదాకా నొప్పికి మూలిగిన బీరమల్లు ఇప్పుడు పరువుకు మూలిగాడు. బయటి మనిషి చెయ్యి తన మీద పడాల్నా అన్నాడు. కొడుకులు కోడళ్ళు ఉండి కూలిమనిషిని పెట్టుకున్నారని పక్క ఊళ్ళు నవ్వవా అన్నాడు. లచ్చవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకొని నిలబడింది.

“ముప్పై ఏండ్లాయె, నేను చేసిన కుండల్ల నీళ్ళు తాగుతున్నవు పెద్దయ్యా. అప్పుడు నా చెయ్యి పనికొచ్చిందా?”

బీరమల్లు దానికి జవాబు వెతుకుతుండగా పలక కిందనుంచి సన్నగా చప్పుడైంది. ఆయన వెతకడం మానుకొని, ఏడాదికి రెండు గొంగళ్ళు ఇస్తానన్నాడు.

నెమళ్ళు చెక్కిన టేకు మంచం స్వామి ఎలాగూ వాడలేదు గనుక, దాని మీదనే ఆయన్ను కిందికి తెచ్చారు. ఆ మంచంలో బీరమల్లు నాలుగేళ్ళు బతికాడు. పడకలో పడ్డాక జ్ఞాని అయ్యాడని పాత పుస్తకంలో ఉన్నది. అది తప్పు. అంబలి చల్లారిందని, లచ్చవ్వ ఎక్కువ మాట్లాడుతుందని, మల్కయ్య చేతులు గరుకని రోజూ సణిగాడు. కాని మధ్యాహ్నం వేళ ఆ ఇంట్లోంచి ఐలవ్వ గురక వినిపించేది. ఆ వాడకట్టుకు అది కొత్త చప్పుడు. గురక మొదలుకాగానే బీరమల్లు సణుగుడు ఆపి, లచ్చవ్వకు కూడా నోరు మూసుకొమ్మని సైగ చేసేవాడట. ఆయన పోయాక ఎవరో ఐలవ్వను అడిగారు, అత్తకూ మామకూ ఇద్దరికీ చేశావు గదా, ఏది కష్టమైందని. అత్త ఏడేళ్ళలో తనకు నడుము నొప్పి తప్ప ఇంకేదీ యాదికి లేదన్నది ఆమె. మామ మాత్రం ఏ కూర ఇష్టమో, ఏ పాటకు నిద్రపోయేవాడో, అన్నీ యాదికున్నాయన్నది.

నేటికీ మాఘమాసం మూడో ఆదివారం ఈ గుట్ట మీద ‘అడుగుడు జాతర’ జరుగుతుంది. పెద్దవయసువాళ్ళు తమ మంచం నులకతాడు మూరెడు తెచ్చుకుంటారు. తమవాళ్ళను వెంట తెస్తారు. రాతిమంచం ఒక్కొక్క కాలికి తాడు తాకించి, ఒక్కొక్క మనిషిని పేరుపెట్టి పిలిచి, “నన్ను పట్టుకుంటవా?” అని అడుగుతారు. పట్టుకుంటాననవచ్చు. నాతోని కాదు అనవచ్చు. ఇద్దరికీ ఒకే పూజారి ఒకే బండారి పెడతాడు, ఎక్కువ తక్కువలు లేవు. ఏ పని తనదో, ఏది కాదో అక్కడే చెప్పాలి. చెప్పాక వాలిన మూల కింద ఒక గులకరాయి పెట్టి దిగిపోవాలి. పెళ్ళికాని ముసలివాళ్ళు, పిల్లలు లేనివాళ్ళు పక్కింటివాళ్ళను, స్నేహితులను, జీతం ఇచ్చి పెట్టుకున్నవాళ్ళను తెచ్చుకుంటారు. స్వామి రక్తసంబంధం అడగడు.

ఇక్కడ ఒక విషయం బాధతో చెప్పవలసి ఉన్నది. ఇంత సులువైన ఆచారాన్ని కూడా తప్పించుకునే తెలివి మనవాళ్ళకు ఎక్కడినుంచి వస్తుందో తెలియదు. ఒంటరిగా వచ్చి, మా పిల్లల తరఫున మీరే పట్టుకుంటాననండి స్వామీ అని పూజారిని బతిమాలేవాళ్ళున్నారు. మా అబ్బాయి బంగారం, అడిగితే నొచ్చుకుంటాడు అని తాడు సంచిలోనే దాచుకొని దిగిపోయేవాళ్ళున్నారు. కొడుకును వెంట తెచ్చి కూడా, అతణ్ణి వదిలి కోడల్ని అడిగేవాళ్ళున్నారు. ఇవన్నీ చూసి చూసి పూజారికి రక్తపోటు వచ్చింది. పోయిన ఏడాది ఒక భక్తసంఘం వచ్చి, స్వామికి వెండిమంచం చేయిస్తామని తీర్మానం చేసింది. చందాలు కూడా పోగవుతున్నాయి. ఆ సభలో కూర్చున్న పదకొండుమందిలో తొమ్మిదిమంది మెట్లు ఎక్కలేక డోలీలో వచ్చారు. నాలుగు కాళ్ళ దగ్గర ఎవరినైనా అడిగారా అంటే, ముందు మంచం సంగతి తేలనీ అన్నారు.

ఈ క్షేత్రాన్ని సేవించినవారికి ఆయుష్షు పెరుగుతుందని ఈ పుస్తకం చెప్పదు. మంచాన పడకుండా పోతారని అసలే చెప్పదు. అడిగి, జవాబు విని, రాయి పెట్టి దిగినవారి ఇంట్లో పట్టుకునేవాళ్ళు కూడా నిద్రపోతారు. ఇక్కడి ఫలశ్రుతి ఇంతే. ఇది చిన్నదనిపించిన భక్తులు ఒక్క వారం రోజులు ఎవరినైనా పట్టుకొని చూడగలరు.

ఈ పుస్తకం కూర్చినవాడికి డెబ్బై ఒకటి నడుస్తున్నది. పద్దెనిమిదేళ్ళుగా ప్రతి జాతరకూ నాలుగో కాలి దగ్గర నిలబడి, ఎలా అడగాలో వేలమందికి నేర్పాడు. గొంతు తడబడినవాళ్ళకు మాట అందించాడు. పోయిన జాతరకు ఆయన పెద్దకూతురు వచ్చింది. ఆమె ఒక్కతే వచ్చింది, సెలవు పెట్టుకొని వచ్చింది. పూజారి ఆయన చేతిలో తాడు పెట్టాడు. కూతురు ఎదురుగా నిలబడి, చెప్పు నాన్నా అన్నది. ఆయన ఆమె ముఖంలోకి చూసి, తిరుగు బస్సు ఎన్నింటికమ్మా అని అడిగాడు.

ఆమె బస్సు వేళ చెప్పింది. కొంచెంసేపు అక్కడే నిలబడింది, తర్వాత దిగిపోయింది. అడగడం ఎలాగో ఆయనకు ఇంకా రాలేదు.